చేలో లేదు... మూకుట్లో ఉంది!

కిందటి ఆదివారం సాయంత్రం. బయట ముసురు. మూకుట్లో నూనె కాగుతోంది. సెనగపిండి జారుగా కలిపి పెట్టాను, పక్కన పళ్లెంలో చీరిన మిరపకాయలు. బోధన్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా అత్తయ్య, నేను కత్తిరించి పక్కన పడేసిన నూనె ప్యాకెట్‌ని చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని మరీ చదివారు.

''సోయ నూనెనా ఇది? మా తమ్ముని చేన్ల పండిందేనా ఏంది?''

ఆవిడ తమ్ముడంటే వరసకు నాకు చిన్నాన్న. ఆరెకరాల నల్లరేగడి ఆయనది. జూన్‌లో వాన పడగానే సోయా వేస్తారు, అది కోశాక సెనగ.

''కాదత్తయ్యా. అర్జెంటీనాదో, బ్రెజిల్‌దో అయ్యుంటుంది.''

''గంత దూరంకెళ్లి వచ్చిందా! మరి మనోళ్ల గింజ ఏమైతున్నది?''

అడిగిన ప్రశ్న రెండు ముక్కలే. జవాబు మాత్రం బజ్జీల వాయి దిగేలోపు పూర్తయ్యేది కాదు. మొదటి వాయి కాస్త నల్లబడింది కూడా. అందుకే ఆ రోజు సగమే చెప్పాను. మిగతా సగం ఈ వారం మీకూ ఆవిడకీ కలిపి చెబుతున్నాను. ఆవిడ ఈ పేజీ తప్పకుండా చదువుతారు, తప్పులుంటే ఫోన్ కూడా చేస్తారు!

ఒక గింజ... రెండు దార్లు

సోయా గింజలో అయిదో వంతు నూనె ఉంటుంది. దాదాపు 35 నుంచి 40 శాతం మాంసకృత్తులు. మిల్లుకెళ్లిన గింజ నుంచి నూనె ఒక దారిన పోతే, మిగిలిన పిండి, అదే సోయా చెక్క, మరో దారిన పోతుంది. నూనె మన ఇంటికొస్తుంది. చెక్కలో ఎక్కువ భాగం కోళ్ల ఫారాలకు వెళ్తుంది, కొంత విదేశాలకు ఎగుమతవుతుంది. మనుషులు తినడానికి పనికొచ్చేలా తయారుచేసిన పిండితోనే మనం 'మీల్‌మేకర్' అని పిలుచుకునే ఉండలు చేస్తారు. మాంసం ముట్టని ఇళ్లలో మసాలా కూరకి, పలావుకి అదే దిక్కు కదా! బిస్కెట్ ప్యాకెట్ మీదా చాక్లెట్ రేపర్ మీదా చిన్న అక్షరాల్లో 'లెసిథిన్' అని కనిపిస్తుంది చూడండి, అది కూడా ఎక్కువగా సోయా నూనె శుద్ధి చేసేటప్పుడు వచ్చేదే. నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచడం దాని పని.

మన దేశంలో సోయా అంటే ముందు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్. మన దగ్గర ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాలు. ఇక్కడ పండేది మామూలు సోయానే. జన్యుమార్పిడి సోయా సాగుకు మన దేశంలో అనుమతి లేదు. ఆ రకం పంటల్లో మన రైతు వాణిజ్యపరంగా వేస్తున్నది 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే.

కానీ మనం వాడే వంటనూనెల్లో సగానికి పైగా ఓడలెక్కి వచ్చేవే. సోయా నూనె ఒక్కటే ఈ మధ్య ఏటా ముప్ఫై లక్షల టన్నులకు పైగా దిగుమతవుతోంది. అందులో పెద్ద వాటా అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలది. అక్కడ పండే సోయా దాదాపు అంతా జన్యుమార్పిడి చేసిందే. ఆ నూనె దిగుమతికి కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ 2007లోనే పచ్చజెండా ఊపింది. గింజ తేకూడదు, నాటకూడదు, నూనె మాత్రం తెచ్చుకోవచ్చు! అలా చిన్నాన్న చేలో లేని మొక్క మా మూకుట్లోకి వచ్చింది.

కలుపు మందు కొట్టినా చావని మొక్క

ఇంతకీ ఆ గింజలో ఏం మార్చారు? చాలామంది అనుకునేట్టు దిగుబడి పెంచే జన్యువో, బలమిచ్చే జన్యువో అందులో పెట్టలేదు. పెట్టింది కలుపు గొడవ తీర్చే జన్యువు.

గ్లైఫొసేట్ అనే కలుపు మందు పేరు రైతు కుటుంబాల వాళ్లకి కొత్త కాదు. 1974లో మోన్‌శాంటో కంపెనీ 'రౌండప్' పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. ఆకుపచ్చగా కనిపించే దాన్నల్లా చంపుతుంది. మొక్క పెరగడానికి తప్పనిసరైన కొన్ని అమైనో ఆమ్లాలు తయారుచేసే ఎంజైమ్ ఒకటుంటుంది. ఈ మందు దాన్ని పట్టేస్తుంది. కొద్దిరోజుల్లో మొక్క పసుపెక్కి ఎండిపోతుంది. మనుషుల్లో, జంతువుల్లో ఆ ఎంజైమ్ లేదు.

చిక్కేమిటంటే ఆ మందు కలుపుతో పాటు పంటనూ చంపుతుంది. మరి పంట మీద కొట్టేదెలా? శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికారు. చివరికి జవాబు దొరికింది ఎక్కడో కాదు, లూసియానాలో అదే మందు తయారుచేసే కర్మాగారం మురుగులో! అంత విషంలోనూ హాయిగా బతికేస్తున్న ఒక బ్యాక్టీరియా కనిపించింది. దాని ఎంజైమ్‌ని ఈ మందు పట్టలేకపోతోంది. ఆ జన్యువుని తీసి, పెట్యూనియా పూలమొక్క నుంచి ఒక ముక్క, కాలీఫ్లవర్‌కి తెగులు తెచ్చే వైరస్ నుంచి మరో ముక్క జతచేసి, సన్నని బంగారు రేణువులకు పూసి, తుపాకీ లాంటి యంత్రంతో సోయా కణజాలంలోకి కొట్టారు. సినిమా కథలా ఉన్నా జరిగింది ఇదే. 1996లో 'రౌండప్ రెడీ' సోయా అమెరికా పొలాల్లోకి వచ్చింది. ఇప్పుడు అక్కడి సోయా విస్తీర్ణంలో 90 శాతానికి పైగా కలుపు మందుని తట్టుకునే రకాలే.

ఇక్కడొక్క మాట. ఆ గింజని తినేవాళ్ల కోసం చేయలేదు. వందలు, వేల ఎకరాలు ఒక్క కుటుంబమే సాగుచేసే రైతు కోసం చేశారు. పొలమంతా ఒక్క మందు ఒకటి రెండుసార్లు కొడితే చాలు, కూలీలతో పనిలేదు. పైగా దున్నకుండానే విత్తుకోవచ్చు కాబట్టి మట్టి కొట్టుకుపోవడం తగ్గిందని కూడా అక్కడివాళ్లు చెబుతారు. అది నిజమే.

మరి మన దగ్గర? చిన్నాన్న చేలో విత్తిన ఇరవై రోజులకి గుంటుక తోలతారు. ఆపైన సాలుకొక్కరు చొప్పున పదిమంది ఆడవాళ్లు వంగి కలుపు తీస్తారు. ఊళ్లో భూమి లేని ఇళ్లకి వానాకాలంలో ఆ కైకిలే ఆధారం. ''కైకిలోళ్లు దొరుకుతలేరు, దొరికినా కూలి గిట్టుబాటైతలేదు'' అని ఏటా చిన్నాన్న గొడవ. ఆయనా ఈ మధ్య సోయాని వదిలి కలుపుని చంపే మామూలు మందొకటి కొడుతున్నారు. దానికి జన్యుమార్పిడి అక్కర్లేదు. అది కొట్టాక కూడా మిగిలిన కలుపుకి ఆడవాళ్లని పిలవాల్సిందే. పూర్తిగా పిలవక్కర్లేని రోజు వస్తే ఆయనకి ఖర్చు తగ్గుతుంది. ఆ పదిమందికి పని పోతుంది. ఇద్దరి మాటా న్యాయమే కదా! ఇల్లినాయిస్ రైతుకి ఇలాంటి ఇబ్బంది లేదు. ఆ గింజ తయారయ్యేనాటికే అతని చేలో మనుషులు లేరు.

తోటకూర తిరగబడింది

అన్ని పొలాల్లో, అన్నేళ్లూ ఒకే మందు కొడితే ఏమవుతుంది? మన ఇళ్లలో దోమల మందుకి ఏమైందో అదే. వందలో ఒకటో రెండో చావకుండా మిగిలిన కలుపు మొక్కలు పిల్లల్ని పెట్టాయి. 2005లో జార్జియా రాష్ట్రంలో పత్తి చేలల్లో 'పామర్ అమరాంత్' అనే కలుపు గ్లైఫొసేట్‌కి లొంగడం లేదని తేలింది. ఇదెవరో కాదు, మన తోటకూరకి దగ్గరి చుట్టమే. కాకపోతే మనిషిని మించిన ఎత్తు పెరుగుతుంది, ఒక్కో ఆడ మొక్క లక్షల గింజలు రాలుస్తుంది. కొన్నేళ్లలోనే అది సోయా చేలని కూడా ముంచెత్తింది. కోట్ల డాలర్ల యంత్రాలున్న దేశంలో రైతులు మళ్లీ కూలీలను పెట్టి చేత్తో పీకించాల్సి వచ్చింది!

అప్పుడు కంపెనీలు ఇంకో మందు తెచ్చాయి. గ్లైఫొసేట్‌తో పాటు డైకాంబా అనే పాత మందుని కూడా తట్టుకునే సోయాని 2016లో అమ్మడం మొదలుపెట్టారు. డైకాంబాకి ఒక దుర్గుణం ఉంది, ఎండవేళ ఆవిరై గాలిలో పక్క పొలానికి పోతుంది. ఆ గింజ వేసినవాడి చేను పచ్చగా ఉంటుంది, వేయని పక్కవాడి చేలో సోయా ఆకులు గిన్నెల్లా ముడుచుకుపోతాయి. 2017లో లక్షల ఎకరాల్లో ఇలా నష్టం జరిగింది. తరతరాలుగా పలకరించుకున్న గట్టు పొరుగువాళ్లు కోర్టులకెక్కారు. కొందరు ఇష్టం లేకపోయినా, పక్కవాడి మందు నుంచి తమ పంటని కాపాడుకోవడానికి అదే గింజ కొన్నారు.

నాకు ఈ మొత్తం కథలో భయం వేసేది ఇక్కడే. మన దగ్గర కమతాలు ఎకరం, రెండెకరాలు. ఒకడి సోయా పక్కన ఇంకొకడి కంది, దాని పక్కన కూరగాయల మడి. అమెరికాలో మైలు దూరం పోయిన ఆవిరి ఇక్కడ ఎన్ని గట్లు దాటుతుందో ఊహించుకోండి.

గింజ ఎవరిది?

పత్తి విత్తనాన్ని ఏటా కొనాల్సిందే. అది సంకరం కాబట్టి దాచుకున్న గింజ వేస్తే పంట సరిగ్గా రాదు. సోయా అలా కాదు. తనలో తానే పరాగసంపర్కం జరుపుకునే పంట. ఈ ఏటి గింజని దాచి వచ్చే ఏడు వేస్తే అచ్చం అలాంటిదే మొలుస్తుంది. చిన్నాన్న కూడా తేమ తగలకుండా రెండు బస్తాలు ఓరగా పెట్టుకుంటారు. అందుకే సోయాకి పేటెంటు వేస్తే ఆ పేటెంటు నేరుగా రైతు గాదెలోకే వస్తుంది.

ఇండియానా రాష్ట్రంలో వెర్నన్ హ్యూ బోమన్ అనే పెద్దాయన సంగతి వినండి. మొదటి పంటకి కంపెనీ గింజే కొనేవాడు. ఆలస్యంగా వేసే రెండో పంట గ్యారంటీ లేనిది కాబట్టి, దానికోసం ఊరి ధాన్యం గోదాములో తిండికీ దాణాకీ అమ్మే చవక సోయా గింజలు కొన్నాడు. నాటి, రౌండప్ కొట్టి, బతికిన మొక్కల గింజని దాచి మళ్లీ నాటాడు. ఇలా కొన్నేళ్లు సాగింది. మోన్‌శాంటో దావా వేసింది. ''నేనేం చేశాను, గింజ తనంతట తానే మొలిచి తనలాంటి గింజల్నిచ్చింది'' అన్నది ఆయన వాదనలో ఒకటి. 2013 మేలో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్క మాటగా ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. నేరం గింజ మీదికి తోస్తే కుదరదన్నారు. 84,456 డాలర్ల పరిహారం ఖాయమైంది. ఆ తొలి రకం పేటెంటు 2015లో తీరిపోయిందనుకోండి, అప్పటికే కంపెనీ కొత్త పేటెంట్లతో కొత్త రకాలు తెచ్చేసింది.

మన చట్టం వేరు. 2001 నాటి వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన గింజ దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, పక్కవాడికి ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కంపెనీ బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు.

చట్టం ఒకటంటే గింజ మరో దారి వెతుక్కుంటుంది. బ్రెజిల్లో అనుమతి రాకముందే దక్షిణాన ఉన్న రియో గ్రాండే దో సుల్ రైతులు సరిహద్దు దాటించి అర్జెంటీనా గింజ తెచ్చేసుకున్నారు. దానికి అక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'మారడోనా సోయా'! ప్రభుత్వం ఆపలేక 2003లో ఆ పంట అమ్ముకోనిచ్చింది, 2005లో చట్టమే చేసింది. నవ్వుకునేముందు మన పత్తి చేల వైపు చూడండి. గ్లైఫొసేట్‌ని తట్టుకునే పత్తికి ఇక్కడ అనుమతి లేదు. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ గింజ దొంగచాటుగా అమ్ముడుపోతూ పట్టుబడుతూనే ఉంది. రైతు తప్పు అనేస్తే సరిపోతుందా? కలుపు కూలి భారం ఎవరూ పంచుకోలేదు కదా.

తింటే ఏమవుతుంది?

అత్తయ్య అసలు అడగాలనుకున్నది ఇదేనని నాకు తెలుసు. ''పిల్లలు తినొచ్చా?'' అని రెండో వాయి దగ్గర మెల్లగా అడిగారు.

తెలిసినంతలో, ఆ నూనె విషం కాదు. జన్యువులు, అవి తయారుచేసే మాంసకృత్తులు గింజ పిండిలో ఉంటాయి. నూనెని శుద్ధి చేశాక వాటి జాడ దాదాపు మిగలదు. గ్లైఫొసేట్ నీళ్లలో కరిగేది, నూనెలో నిలవదు. 2016లో అమెరికా జాతీయ అకాడమీలు వందల అధ్యయనాల్ని జల్లెడపట్టి, ఈ పంటల తిండి వల్ల మామూలు పంటల తిండికన్నా ఎక్కువ ముప్పు ఉన్నట్టు ఆధారం దొరకలేదని చెప్పాయి. కలుపు మొక్కలు మందుకి లొంగకపోవడం మాత్రం పెద్ద సమస్యేనని అదే నివేదిక చెప్పింది.

మందు కొట్టేవాళ్ల సంగతి వేరు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫొసేట్‌ని 'మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది' అనే కోవలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ దాంతో ఏకీభవించలేదు. 2018లో మోన్‌శాంటోని కొనుక్కున్న బేయర్ కంపెనీ 2020లో ఆ కేసుల పరిష్కారానికి వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. మన దేశంలో 2022లో కేంద్రం ఈ మందు వాడకాన్ని శిక్షణ పొందిన చీడ నియంత్రణ సిబ్బందికే పరిమితం చేస్తూ ఉత్తర్వులిచ్చింది. ఊళ్లల్లో ఎవరు కొడుతున్నారో మీకు తెలియంది కాదు.

ఏ మార్పైనా ప్రమాదం లేనిదే అనడానికీ లేదు. 1990ల్లో పయొనీర్ అనే విత్తన కంపెనీ సోయా దాణాకి పోషణ పెంచాలని బ్రెజిల్ నట్ జన్యువుని అందులో పెట్టింది. ఆ గింజ పడనివాళ్ల రక్తంతో పరీక్షిస్తే, కొత్త సోయా కూడా వాళ్లకి పడదని తేలింది. కంపెనీ ఆ రకాన్ని అక్కడికక్కడే వదిలేసింది. 1996లో ఆ ఫలితం వైద్య పత్రికలో అచ్చయింది. దీన్ని చూపించి 'అంతా ప్రమాదమే' అనేవాళ్లున్నారు, 'చూశారా, పరీక్షలు పనిచేస్తున్నాయి' అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండో పక్షమే, కాకపోతే ఒక్కో రకాన్నీ విడిగా పరీక్షించాలన్న షరతుతో.

కోడి తిన్నది...

నూనె సంగతి సరే, గుడ్డు? కోడి దాణాలో ప్రధానంగా మొక్కజొన్న, తర్వాత సోయా చెక్క. 2021లో చెక్క ధర ఏడాదిలో రెట్టింపు దాటిపోయి కోళ్ల రైతులు లబోదిబోమన్నారు. గుడ్ల ఉత్పత్తిలో ముందున్న రెండు తెలుగు రాష్ట్రాలకీ గట్టి దెబ్బ అది. ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి వెసులుబాటిచ్చింది. నూనె తీసేసిన పిండి మొలకెత్తదు కాబట్టి అభ్యంతరం లేదని పర్యావరణ శాఖ అంది. కోళ్లవాళ్లకి ఊపిరొచ్చింది. సోయా రైతుకి? క్వింటాలు పది వేల దాకా పలికిన గింజ కొత్త పంట మార్కెట్టుకొచ్చేసరికి సగానికి సగం దిగింది. దిగుమతి వల్లే అని చెప్పలేం, కొత్త పంట రాక కూడా కారణమే. కానీ చిన్నాన్న ఆ ఏడు ఆ సగాన్నే చూశారు. ఇప్పటికీ ఆ దసరా గురించి మాట్లాడరు.

కోడి అరిగించుకున్న జన్యువు గుడ్డులోకి రాదు, ఆ భయం అక్కర్లేదు. నూనె సీసా మీద కూడా 'జన్యుమార్పిడి' అని రాయాల్సిందేనన్న యూరప్ దేశాలు సైతం, ఆ దాణా తిన్న కోడి గుడ్డు మీద రాయాలని అడగవు. అన్నట్టు, మన గేదెలు ఇరవై ఏళ్లకు పైగా బీటీ పత్తి చెక్క తింటూనే ఉన్నాయి. 2010లో బీటీ వంకాయ మీద అంత రగడ జరిగి, హైదరాబాద్‌లో బహిరంగ విచారణ పెట్టి, చివరికి ఆపేశారు కదా. ఆ రోజు సభకొచ్చినవాళ్లు తాగిన టీలో పాల మాట ఎవరైనా ఎత్తారో లేదో!

2013 జనవరి నుంచి జన్యుమార్పిడి ఆహారం ఉన్న ప్యాకెట్ పైన 'జీఎం' అన్న రెండక్షరాలు ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. ఈ వ్యాసం కోసం నాలుగు దుకాణాల్లో సోయా నూనె ప్యాకెట్లు తిరగేశాను. ఒక్కదాని మీదా కనపడలేదు. విటమిన్ 'ఎ', 'డి' కలిపామని పెద్దక్షరాల్లో ఉంది. గుండె బొమ్మ ఉంది.

మంగళవారం అత్తయ్యని బస్సెక్కించే ముందు సందు చివర కిరాణా కొట్టుకి వెళ్లాం. ఆవిడే అడిగారు. ''ఏమయ్యా, ఈ నూనె ఏ దేశపు గింజది?''

కొట్టాయన ప్యాకెట్ అటూ ఇటూ తిప్పాడు. ''కాకినాడ అడ్రసుందమ్మా. డేటుంది, రేటుంది. గింజ సంగతైతే రాయలేదు.''

''మరి నువ్వు అడగలేదా?''

''నన్నెవరడిగారని నేనడగను పెద్దమ్మా, మీరే మొదటివాళ్లు.''

అత్తయ్య కాసేపు ఆలోచించి, ఊరికి తీసుకెళ్లడానికి పల్లి నూనె అరలీటరు కొన్నారు, పచ్చళ్లకి. పక్కనే ఉన్న సోయా ప్యాకెట్ల మీద ధర చూసి, రెండు లీటర్లవి కూడా సంచిలో వేయించుకున్నారు. పండక్కి అరిసెలు, సకినాలు చేయాలి కదా మరి.